బోరింగు గచ్చు మీద బూట్లు

ఆ గోడ మీరే కట్టారు. దారినపోయే దానయ్య ఎవడూ వచ్చి కట్టలేదు. ప్రాజెక్టు వాళ్ళు సిమెంటు ఇచ్చారు, ఊరి మగాళ్ళు ఇటుక కాల్చారు, ఆడవాళ్ళు మట్టి తొక్కారు, కమిటీ నిలబడి కొలతలు చెప్పింది. బోరింగు చుట్టూ మోకాలెత్తు గోడ. మేకలు రాకుండా అన్నారు. మేకలు ఆనాటి నుంచి ఈనాటి దాకా దూకి వస్తూనే ఉన్నాయి, గచ్చు మీద పెంటికలు వేస్తూనే ఉన్నాయి. రాలేనిది ఎనిఫా ఒక్కతే. మేకని ఆపలేని గోడ మనిషిని ఆపింది. ఆపుతుందని మీకు తెలియదా? ఎనిఫా మీ మధ్యే పుట్టింది. పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడితే మీ వాకిళ్ళ ముందే డేకుతూ పెరిగింది. మీ అమ్మల పాలు తాగింది. గోడకి ఒక్క సందు వదలండర్రా అని ఒక్క నోరు లేవలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాదన్నవాళ్ళు నా ఎదుటికి వచ్చి అనండి.

*

తెల్లారితే యాంఖోకి ఎనిమిదో తరగతి పెద్దపరీక్ష. మూడు రోజుల పరీక్ష. ఊళ్ళో బడిలో కాదు, తేయాకు తోటలు దాటి, వాగు దాటి, రోడ్డు పక్కన ఉన్న పెద్దబడిలో. గంట కొట్టాక గేటు మూసేస్తారు, ఆ తరవాత దేవుడొచ్చినా తియ్యరు.

ఆ సాయంత్రం ఎనిఫా పొయ్యి ముందు కూర్చుని సంకటి కెలుకుతోంది. కుండ కదలకుండా చచ్చుబడ్డ రెండు కాళ్ళనీ చెరోపక్క అడ్డం పెట్టింది. తెడ్డు రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళంతా ముందుకి వంచి కెలుకుతుంది. అందుకే ఆమె సంకటి ఊళ్ళో అందరి సంకటి కంటే నున్నగా ఉంటుంది. రెండేళ్ళ లింబానీ నడుముకి ఒక గుడ్డపేలిక కట్టి ఉంది, దాని రెండో కొస తల్లి నడుముకి ఉంది. వాడు పరిగెత్తితే వెంట పరిగెత్తే కాళ్ళు ఆమెకి లేవు. మేకపిల్లని కట్టినట్టు కట్టిందని జనం నవ్వుతారు. నవ్వనీ. ఆ పేలిక పుణ్యాన వాడింతవరకూ నిప్పులో పడలేదు, వాగులో పడలేదు.

యాంఖో గుమ్మంలో కూర్చుని పోతున్న వెలుతురులో భూగోళం చదువుకుంటోంది. ములాంజే కొండ మీంచి మబ్బు దిగింది. చిపెరోని జల్లు. ఈ చలికాలపు జల్లు ఒళ్ళు తడుపుతుంది గాని కుండ నింపదు.

లుఫినా వచ్చింది. ఎనిఫా పెద్దమ్మ కూతురు, బోరింగు కమిటీకి చైర్మను. ఊళ్ళో అందరికీ చైర్మనక్క. యాంఖో పుస్తకం పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టింది. లుఫినా దాన్ని చూడకుండానే లోపలికి వచ్చి పీట లాక్కుంది.

"ఏమే ఎనిఫా, రేపట్నించీ ఇది చీకటితో పరీక్షకి పోతుందటగా. నీళ్ళెవరు తెస్తారే నీకు?"

"నేనే తెచ్చుకుంటాలే అక్కా."

"నువ్వా! గోడ దూకా?" లుఫినా నవ్వింది. "చూడు, నా కోడలితో రోజూ రెండు బకెట్లు పోయిస్తాను. పరాయిదానివా నువ్వు? యాంఖోని సాయంత్రాలు మా ఇంటికి పంపు. నాలుగు రోకటి పోట్లు వేసి, రెండు గిన్నెలు తోమి వచ్చేస్తుంది."

"పరీక్షలయ్యేదాకానా?"

"పరీక్షలయ్యాక ఇంకేం పనుంది దానికి?"

గుమ్మంలో పేజీలు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది. ఎనిఫా తెడ్డు ఆపలేదు.

"పాసైతే పెద్దబడికి పోతుంది అక్కా. వాళ్ళ నాన్న తోటలోనే ఉండి పనిచేస్తున్నాడుగా, ఫీజు డబ్బుకి మేస్త్రీతో మాట్లాడాడు కూడా."

"వైసన్ మాట్లాడాడా? ఇల్లరికపుటల్లుడు, వచ్చినవాడు వచ్చినట్టుండాలి. మన ఇంటి ఆడపిల్ల సంగతి మన మేనమామలు చూసుకుంటారు. చెప్తున్నా విను, డేకే తల్లికి ఎగిరే కూతురెందుకే? రేపు ఎగిరిపోతే నీకు గుక్కెడు నీళ్ళు పోసేదెవరు?"

"అది ఎగరాలనే అక్కా."

లుఫినా లేచింది. గుమ్మం దాటుతూ యాంఖో భుజం తడిమి, గొడ్డుని తడిమినట్టు, "గట్టి భుజాలే" అంది.

చెలమ ఉన్నన్నాళ్ళూ ఎనిఫా ఎవర్నీ నీళ్ళడగలేదు. పల్లంలో ఇసక చెలమ, అంచు చదునుగా ఉండేది. డేకుతూ వెళ్ళి, పసుప్పచ్చ నూనె డబ్బాతో ముంచుకుని, డబ్బాని బిడ్డని కట్టుకున్నట్టు వీపున కట్టుకుని వచ్చేది. కలరా ఏడు ఆరోగ్యశాఖ వాళ్ళు చెలమ పూడ్చేశారు. మంచిపనే చేశారు, దాని నీళ్ళు తాగి జనం చచ్చారు. బోరింగు వేశారు. గోడ కట్టారు. రూలు పెట్టారు, గచ్చు మీదికి చెప్పులతో రాకూడదు, విప్పి కాళ్ళు కడుక్కుని రావాలి. ఇప్పుడు బోరింగులో వాషర్లు అరిగాయని పొద్దున పూటే హ్యాండిలుకి కట్టిన గొలుసు తీస్తున్నారు. పొద్దున పోతే మర్నాడు పొద్దునే. అందుకే యాంఖో ఏడాదిగా రోజూ బడికి ఆలస్యం. ఆలస్యమైనవాళ్ళ చేత టీచర్లు గడ్డి కొట్టిస్తారు. మొదటి పాఠం యాంఖో ఎప్పుడూ గడ్డిలోనే విన్నది.

*

మొదటి రోజు యాంఖో కోడికూతకి ముందే తోటి పిల్లలతో వెళ్ళిపోయింది. ఉడికించిన చిలగడదుంప రెండు ముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చింది ఎనిఫా.

తరవాత తను తయారైంది. పాత టైరు కోసి చేసిన ముక్కలు రెండు, మోకాళ్ళకి తాళ్ళతో బిగించింది. చేతులకి హవాయి చెప్పులు తొడిగింది. వీపున ఖాళీ డబ్బా కట్టింది. లింబానీ పేలిక నడుముకి ముడేసింది. వాడు ముందు, ఆమె వెనక. బురదలో చెప్పుల చప్పుడు, టైర్ల చప్పుడు.

గోడ బయట చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల బకెట్లు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ళు నడుముకి చుట్టుకున్న గుడ్డ అంచు పైకి పట్టుకుని గోడ దాటి పోతున్నారు, వస్తున్నారు. దాటుతున్నామని వాళ్ళకి గుర్తే లేదు. ఎనిఫా గోడ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ గోడ మీద వేసి, రొమ్ము ఆనించి లేచింది.

"ఆగు ఆగు," అంది లుఫినా బోరింగు పక్కనుంచి. "చెప్పులు విప్పు."

"విప్పితే దేనిమీద రానక్కా?"

"అందరం విప్పే వస్తున్నాం."

"మీవి కాళ్ళకున్నాయి. ఇవి నా చేతులకి."

"ఎక్కడ తొడిగినా బురద బురదే. రూలంటే అందరికీ ఒకటే రూలు. నీకో రూలు, మాకో రూలు పెట్టమంటావా? రేపు ప్రతిదీ వచ్చి నాకో రూలంటుంది."

"దానికి టైర్లు కూడా ఉన్నాయి చైర్మనక్కా," ఎవరో పడుచుపిల్ల. "బండ్లు లోపలికి రాకూడదని రాయించు."

నవ్వులు లేచాయి. నవ్వనివాళ్ళు బకెట్లలోకి చూశారు. ఒకామె చెయ్యి చాచింది, "డబ్బా ఇటియ్యి, నేను పడతా" అని.

లుఫినా మాట అడ్డమేసింది. "ఒకరికొకరు పడుతూ కూచుంటే లైను ఎప్పటికి కదిలేను? మనిషిని ఇస్తానన్నాను దానికి. వద్దంది. పౌరుషం ఉన్నదానికి మన సాయం ఎందుకు?"

చాచిన చెయ్యి వెనక్కి పోయింది.

ఎనిఫా గోడకి రొమ్ము ఆనించి అలాగే ఉంది. లింబానీ గోడెక్కి అవతలికి జారాడు. ఉత్తి కాళ్ళు, రూలు వాడినేం అనలేదు. పేలిక పొడవున్నంత మేర వెళ్ళి, బోరింగు నోటి కింద దోసిలి పట్టి, తాగి, తడి చేత్తో తిరిగి వచ్చి అమ్మ మూతి తుడిచాడు.

గొలుసు పడింది. అందరూ వెళ్ళాక ఎమెలె అవ్వ తన చిన్న కుండలోంచి సగం ఎనిఫా డబ్బాలో పోసింది. "పిల్లాడి కోసం. నేను పోశానని చెప్పకు," అంది.

సాయంత్రం యాంఖో కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. కుండ ఒంచి చూసింది. అడుగున ఉన్న నీళ్ళు సంకటికి సరిపోతాయి, లేదా తాగడానికి సరిపోతాయి.

"నువ్వు తాగావా అమ్మా?"

"తాగా."

"అబద్ధం. పెదాలు పగిలాయి." కుండ నిలబెట్టి, "రేపు నేను నీళ్ళు పట్టే పోతాను."

"గేటు మూసేస్తారన్నావుగా."

"పరిగెత్తుతా."

"ఏడాది పొడుగునా పరిగెత్తావు. గడ్డి తప్ప ఏం కోశావు? పడుకో."

*

రెండో రోజు ఎనిఫా గోడ బయట ఆగి, ముందు చేతుల చెప్పులు తీసి చెప్పుల వరసలో పెట్టింది. తరవాత మోకాళ్ళ టైర్లు విప్పింది. ముడులు తడికి బిగుసుకున్నాయి, పంటితో లాగింది. వాటినీ వరసలో పెట్టింది. అవి చెప్పుల మధ్య ఎవరివో ముసలి చెప్పుల్లా ఉన్నాయి.

లుఫినా చూస్తోంది.

గోడ మీదికి రొమ్ముతో, కడుపుతో ఈదినట్టు ఎక్కింది. ఒక కాలిని చేత్తో పట్టుకుని అవతల వేసింది. రెండోది వేసేలోగా ఒళ్ళు జారింది. గచ్చు మీద మోకాలు ముందు పడింది. కంకర పైకి తేలిన గచ్చు అది, సిమెంటు మిగుల్చుకున్న గచ్చు. మోకాలు చీరుకుంది. రూలు ప్రకారం గచ్చు అంచున నీళ్ళు పోయే కాలవ దగ్గరికి డేకి, అరచేతులు కడిగింది, మోకాళ్ళు కడిగింది. తన వంతు కోసం గోడకి ఆనుకుని కూర్చుంది.

వంతు వచ్చింది. బోరింగు హ్యాండిలు పైకొస్తే ఆమెకి అందదు. అందరూ దాని కోసమే చూస్తున్నారు. ఎనిఫా తన నడుముకీ పిల్లాడి నడుముకీ ఉన్న పేలిక విప్పింది. లింబానీని ఎదురుగా కూర్చోబెట్టి, "కదిలావో, చెలమ దెయ్యానికిస్తా" అంది. పేలికని విసిరి హ్యాండిలుకి తగిలించి, రెండు కొసలూ పట్టుకుని, ఒళ్ళంతా బరువేసి కిందికి లాగింది. వదిలింది. హ్యాండిలు దానంతటదే పైకి లేచింది. లాగింది. వదిలింది. నీళ్ళు దూకాయి. సంకటి కెలికే చేతులవి, ఆగలేదు. డబ్బా నిండింది.

ఎవరూ నవ్వలేదు. నిన్న బండి అన్న పడుచుపిల్ల లింబానీని చంకనెత్తుకుని నిలబడింది. ఎప్పుడెత్తుకుందో దానికే తెలియదు.

డబ్బా వీపుకి కట్టుకుంటుంటే లుఫినా వచ్చింది. గచ్చు మీద మోకాలు పడ్డ చోటి నుంచి కాలవ దాకా, కాలవ నుంచి బోరింగు దాకా ఎర్రటి చార.

"ఏంటే ఇది? రేపు ప్రాజెక్టు పెద్దవాళ్ళొస్తున్నారు. శుభ్రంగా ఉంటే కొత్త వాషర్లిస్తారు, రెండో బోరింగిస్తారు. వాళ్ళొచ్చేసరికి గచ్చు మీద నెత్తురా?"

"మోకాలు తెగింది అక్కా."

"తుడిచి పో." నడుం దగ్గరున్న పాతగుడ్డ తీసి ఆమె ముందు పడేసింది. "ఎలాగూ కిందే ఉన్నావుగా."

మీలో చాలామంది అక్కడున్నారు. ఆ మాట విన్నారు. ఎనిఫా గుడ్డ తీసుకుని, వీపున నిండు డబ్బాతో, తన నెత్తురు తనే తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి డేకుతుంటే మీ బకెట్లు పక్కకి జరిపి దారిచ్చారు. అంతవరకు చేశారు. గోడ ఆమె మళ్ళీ రొమ్ముతోనే ఒక్కతే దాటింది.

సాయంత్రం యాంఖో నిండుకుండ చూసి ఎగిరింది. తరవాత మోకాలు చూసింది.

"ఎవరు పాకమన్నారు నిన్ను?" అని అరిచింది. "ఉత్తి మోకాళ్ళతో పాకావా? అందరూ చూశారా?"

"పుట్టిన్నించీ చూస్తున్నారులేవే."

"ఇలా చూళ్ళేదు!" పిల్ల మొహం తిప్పుకుంది. అది జాలి కాదు, సిగ్గు. ఆ సంగతి ఎనిఫాకి తెలిసింది. పన్నెండేళ్ళ పిల్లకి సిగ్గుండదా? యాంఖో ఉప్పునీళ్ళు కాచి, గుడ్డ ముంచి, తల్లి మోకాలికి పెట్టింది. మంటకి ఎనిఫా ఒళ్ళు జలదరించింది.

"లెక్కల్లో ఏమిచ్చారు?" అంది, మంట మీంచి ధ్యాస మళ్ళించుకోవడానికి.

"నీళ్ళ తొట్టి లెక్క ఇచ్చారు," అంది యాంఖో. "ఎంతసేపట్లో నిండుతుందీ అని."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు నవ్వింది తల్లే.

*

మూడో రోజుకి మోకాలు వాచి చిలగడదుంపలా అయింది. యాంఖో వాకిట్లో నిలబడి కదలదు.

"నేనుంటానమ్మా. ఈ ఒక్క పరీక్షేగా."

"ఈ ఒక్కటి పోతే ముందు రెండూ పోయినట్టే. నడు."

"నీళ్ళు?"

"నీళ్ళు మోయించడానికి కనలేదు నిన్ను. నడవ్వే!" చేతిలో తెడ్డు ఎత్తింది. పిల్ల వెనక్కి చూస్తూ చూస్తూ పోయింది.

ఎనిఫా వెళ్ళేసరికి బోరింగు దగ్గర పాటలు. ఆడవాళ్ళంతా ఒకే రంగు గుడ్డలు కట్టి చప్పట్లు కొడుతున్నారు. పక్కన తెల్ల జీపు. నీళ్ళు పట్టడం ఆగింది, పెద్దవాళ్ళు చూశాకే పట్టాలట. ఆమె గోడ బయట చెప్పుల వరస పక్కనే కూర్చుంది. ఇవాళ టైర్లు విప్పలేదు. విప్పితే ఆ మోకాలు నేలకి ఆనదు.

జీపులోంచి దిగినవాళ్ళు ముగ్గురు. టోపీ పెట్టిన మన ఆఫీసరు ఒకడు, దూరదేశపు దొర ఒకడు, మెడలో కెమెరా ఉన్న దొరసాని. దొర ములాంజే దారంతా నడిచినట్టున్నాడు, బూట్ల మీద చీలమండ దాకా ఎర్రమట్టి. ముగ్గురూ గోడ దాటారు. ముగ్గురూ గచ్చు మీద నిలబడ్డారు. దొర బోరింగు చుట్టూ తిరిగాడు, తిరిగినంత మేరా మట్టి ముద్దలు ముద్దలుగా రాలింది.

లుఫినా కళ్ళు ఆ బూట్ల వెంట తిరిగాయి. మళ్ళీ దొర మొహం మీదికి వెళ్ళాయి. చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టింది. ఎనిఫా అందరి మొహాలూ వరసగా చూసింది. బూట్లు చూడనివాళ్ళు ఒక్కరు లేరు. నోరు తెరిచినవాళ్ళూ ఒక్కరు లేరు.

దొరసాని చూపు గోడ బయటికి మళ్ళింది. ఎనిఫాని చూసింది, పేలిక కట్టిన పిల్లాణ్ణి చూసింది, మొహం వెలిగింది. ఏదో అంది.

"ఆమెని లోపలికి తీసుకురండి," అన్నాడు ఆఫీసరు. "బోరింగు దగ్గర ఫోటో కావాలట."

లుఫినా, ఆమె కోడలు పరిగెత్తుకొచ్చారు. ముందు చేతులకున్న చెప్పులు లాగి అవతల పడేశారు, ఫోటోలో బాగుండవని. చంకల కింద చేతులేసి ఎత్తారు. ఎత్తుతూనే లుఫినా చెవిలో చెప్పింది. "అడిగితే రోజూ ఇక్కడే పట్టుకుంటున్నానని చెప్పు. ఒక్క మాట చెల్లీ. నా కోడలు నీకు బతికున్నన్నాళ్ళూ నీళ్ళు పోస్తుంది. యాంఖోని నా ఇంటికి పంపనక్కర్లేదు. పెద్దబడికే పంపుకో. దేవుడి మీద ఒట్టు."

నిన్నటిదాకా 'ఏమే' అన్నది, ఇవాళ చెల్లీ అంది.

గచ్చు మీద దించారు. హ్యాండిలు కిందికి వంచి ఆమె చెయ్యి దాని మీద పెట్టారు. లుఫినా పక్కన వంగి భుజం మీద చెయ్యేసింది. కెమెరా టకటకా కొట్టింది. దొర ఏదో అడిగాడు.

"రోజూ ఇక్కడ నువ్వే నీళ్ళు పట్టుకుంటున్నావా అని అడుగుతున్నారు," అన్నాడు ఆఫీసరు.

పాట ఆగింది. ఊరంతా ఆమె మూతి వైపు చూస్తోంది. భుజం మీద లుఫినా వేళ్ళు ఒకసారి నొక్కాయి. అవునంటే నీళ్ళు. అవునంటే యాంఖో రోజూ వేళకి బడికి. ఒక్క మాట. ఎనిఫా కళ్ళు ఎదురుగా ఉన్నవాటి మీద ఆగాయి. ఆమె ఎత్తుకి ఎదురుగా ఎప్పుడూ మనుషుల కాళ్ళే ఉంటాయి. ఇప్పుడు బూట్లున్నాయి.

"లేదయ్యా," అంది. "ఇవాళ నన్నెత్తి ఇక్కడ పెట్టారు. నిన్న పాకి వచ్చాను, మోకాలు చూడండి. అంతకుముందు ఏడాదంతా రానివ్వలేదు. నా చెప్పులు బయట పడున్నాయి. మీవి లోపలున్నాయి. మీ చెప్పులకి లేని రూలు నా చేతులకెందుకో అడిగి చెప్పండి. ఈ గోడకి ఒక వాకిలి పెట్టించండి."

ఆఫీసరు విన్నాడు. టోపీ సర్దుకున్నాడు. దొర వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పాడు. చిన్న మాటే చెప్పాడు.

దొర నవ్వాడు. దొరసాని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

తను చెప్పినదానికి ఎవరూ చప్పట్లు కొట్టరని ఎనిఫాకి తెలుసు.

*

జీపు వెళ్ళింది. వాషర్లు వస్తాయి, రెండో బోరింగూ వస్తుంది. ఆడవాళ్ళు గబగబా బకెట్లు నింపుకున్నారు. ఎనిఫా పేలికతో తన డబ్బా తనే నింపుకుంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. లుఫినా గొలుసు వేస్తోంది.

"అక్కా, నన్ను అవతల దించండి. మోకాలు ఆనడం లేదు."

"ఊరి పరువు తియ్యడానికి నోరు లేచింది గాని ఒళ్ళు లేవదా? నిన్న దిగినదానివి ఇవాళ దిగలేవా?" లుఫినా గోడ దాటి పోయింది. తన చెప్పులు తొడుక్కుంది. వెనక్కి చూడలేదు.

ఎనిఫా గోడకి ఆనుకుని కూర్చుంది. జల్లు మళ్ళీ మొదలైంది. లింబానీ డబ్బా మీద దరువేస్తున్నాడు. కాసేపటికి వీపు వెనక ఒక ఇటుక కదిలినట్టనిపించింది. తిరిగి చూసింది. గచ్చుకి వాడిన సిమెంటు గోడకి వాడలేదు, ఉత్తి మట్టి అతుకు. వారాల జల్లుకి నానింది. వేలు పెడితే దిగింది. నిలబడ్డవాళ్ళకి గోడ పైవరసే కనిపిస్తుంది. ఆమె కూర్చున్న చోటు నుంచి అడుగువరస కూడా కనిపిస్తుంది.

ఎలాగూ కిందే ఉంది కదా.

పై ఇటుక రెండు చేతులతో పట్టుకుని ఊపింది. ఊపి ఊపి లాగింది. ఊడి ఒళ్ళో పడింది. పక్కన పెట్టింది. రెండోది లాగింది. విరగ్గొట్టలేదు, విసరలేదు. ఒక్కొక్కటే తీసి గోడ వారగా పేర్చింది. లింబానీ పెళ్ళలు ఏరి ఆ పేర్పు మీద పెడుతున్నాడు.

ఎమెలె అవ్వ అటుగా వచ్చి నిలబడిపోయింది.

"ఏం చేస్తున్నావే పిల్లా?"

"వాకిలి పెడుతున్నా అవ్వా."

"మేకలొస్తాయే."

"ఇప్పుడు రావట్లేదా?"

అవ్వ మెడ చాచింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. దూరంగా పడున్న హవాయి చెప్పులు ఏరుకొచ్చి, వాటి బురద తన గుడ్డకి తుడిచి, సందులోంచి లోపలికి తోసింది. తరవాత నడుం పట్టుకుని కూలబడి, బయటి వైపు నుంచి అడుగు ఇటుక చుట్టూ మట్టి గోకడం మొదలుపెట్టింది.

పొద్దు వాలుతుండగా యాంఖో పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇంటికి వెళ్ళి, అమ్మ లేకపోతే ఇటొచ్చింది. గోడని చూసింది, ఇటుకల పేర్పుని చూసింది, మట్టికొట్టుకుపోయిన తల్లిని చూసింది. రోడ్డున పోతున్న నలుగురు ఆగి చూస్తున్నారు. పిల్ల వాళ్ళనీ చూసింది. వాళ్ళు చూస్తుండగానే, బడి గౌనుతోనే, ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని పెద్దవాళ్ళకి పెట్టినట్టు దణ్ణం పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుంటేనే ఎవరి మొహమైనా ఎనిఫా మొహానికి సమానంగా వస్తుంది.

"గేటు మూసేలోపే వెళ్ళావా?"

"వెళ్ళా."

"అన్నీ రాశావా?"

"అన్నీ రాశా."

ఎనిఫా చెప్పులు చేతులకి తొడుక్కుంది. యాంఖో నీళ్ళ డబ్బా ఎత్తుకోబోయింది. తల్లి దాన్ని తన వైపు లాక్కుని వీపున కట్టుకుంది. సందులోంచి డేకుతూ బయటికి వచ్చింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ దించలేదు.

*

అయిపోలేదు. మర్నాడు కమిటీ కూర్చుంది. ఊరి ఆస్తి పాడుచేసినందుకు ఎనిఫా గుడ్లు పెట్టే కోడిని జరిమానాగా పట్టుకుపోయారు. మేనమామలు తలలు వంచుకుని సరే అన్నారు. గోడ మళ్ళీ కట్టడానికి ఎవరికీ తీరిక లేక, సందులో ముళ్ళకంప కుక్కారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. యాంఖో మళ్ళీ చీకటితో లేచి నీళ్ళ లైనులో నిలబడుతోంది. కమిటీ ఇంట్లో గోడకి కొత్త ఫోటో వేలాడుతోంది. అందులో ఎనిఫా చెయ్యి హ్యాండిలు మీద, లుఫినా చెయ్యి ఎనిఫా భుజం మీద. ఫోటోలో బూట్లు పడలేదు.

ముళ్ళు తియ్యండి. రెండో బోరింగు వచ్చాక కాదు, కొత్త వాషర్లు వచ్చాక కాదు. రేపు పొద్దున గొలుసు తీసేముందు ముళ్ళు తియ్యండి. అక్కడ చెక్కతలుపు పెట్టండి. నేల మీంచి చెయ్యి ఎత్తితే అందేంత కిందికి గడియ పెట్టండి. ఊళ్ళో వడ్రంగి ఉన్నాడు, ఇటుకలు పేర్చినచోటే ఉన్నాయి. చేతుల మీద నడిచేవాళ్ళ చెప్పులకి, మోకాళ్ళ టైర్లకి గచ్చు మీద కడుక్కునే చోటు చూపించి లోపలికి రానివ్వండి. కోడిని తిరిగివ్వండి. రెండో బోరింగుకి గోడ కట్టేటప్పుడు, కొలతలు చెప్పడానికి ముందు ఎనిఫాని పిలవండి. పిలిచి, కుర్చీలు అవతల పెట్టి, ఆమె ఎదుట నేల మీద కూర్చుని అడగండి.

ముందు ముళ్ళు తియ్యండి.